ఉప్పుజాడీ అప్పగించి వెళ్ళిన వదిన

మా వదిన వెంకటరత్నంగారు ఇక లేరు. ఈ చిన్న వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. దుఃఖం ఒక కారణం. ఆవిడ గురించి ఏది రాయబోయినా ముందుగా నా కలంలోకి అసూయ దిగుతూ ఉండడం రెండో కారణం. దోహా తెలుగు కుటుంబాలవారు వేసే సంచికకు సంస్మరణ రాయమని అడగడానికి వచ్చినవారు, "ఆవిడకి మీకన్నా దగ్గరివాళ్ళు ఎవరున్నారమ్మా" అన్నారు. నిజమే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ మేమిద్దరం ఇమిడాం, అప్పుడప్పుడు గీరుకుంటూ.

ఆ ఉదయం మావారు డ్యూటీకి బయలుదేరుతున్నారు. నేను టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్నాను. ఫోన్ నాకే వచ్చింది. వదిన వెస్ట్ బేలోని ఒక పెద్ద హోటల్లో లాండ్రీ సూపర్‌వైజరు. ఆవిడ కింద పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఏడుస్తూ, వచ్చీరాని హిందీలో, "రత్నం సిస్టర్ గిర్ గయా" అంది, పడిపోయారని. వరల్డ్ కప్‌కు రాబోయే అతిథుల కోసం హోటల్ మొత్తానికి కొత్త దుప్పట్లు దిగాయి. వాటిని సర్దిస్తూ సర్దిస్తూ ఆ దొంతరల మీదికే ఒరిగిపోయారట. ఆస్పత్రికి చేర్చేలోగా హృదయస్పందన ఆగిపోయింది. అప్పుడు నాకు తోచిన మొదటి ఆలోచన ఇది: ఈ మాట ఆయనకు ఎవరు చెప్పాలి? ఇలాంటి మాటలు ఆయనకు చెప్పగలిగిన మనిషే పోయింది.

ఎందుకు ఆవిడే చెప్పాలో తెలియాలంటే మా ఇంటి విషయం కొంత చెప్పాలి. మావారి అనుమతితోనే చెబుతున్నాను. ఆయన రోడ్లు వేసే కంపెనీలో సర్వేయరు. ఆయనకు బైపోలార్ వ్యాధి ఉంది. కొన్నాళ్ళు మనసు ఆకాశానికి ఎగురుతుంది. నిద్ర అక్కర్లేదు, మాట ఆగదు, లోకమంతా తనదే. మరికొన్నాళ్ళు పాతాళానికి దిగుతుంది. మంచం దిగడమే మహాప్రస్థానం. ఊరంతా స్టేడియాలు, మెట్రో, వంతెనలు లేస్తూ, ఒక రోడ్డు మూసి రెండు రోడ్లు తెరుస్తున్న ఆ సంవత్సరాల్లోనే ఆయన మందులు కూడా మారుతూ వచ్చాయి. ఒకటి పడక ఒకటి, అది పడక ఇంకొకటి. ఆయన పెద్దగా నవ్వితే నాకు భయం. నవ్వకపోతే భయం. మామూలుగా నవ్వితే, ఇది ఎన్నాళ్ళుంటుందో అని భయం.

వదిన మావారికి తోడబుట్టిన అక్క. చిన్న వయసులోనే వైధవ్యం, సంతానం లేదు. అందరికన్నా ముందు ఖతార్ వచ్చి, ఇళ్ళల్లో పనిచేసి, హోటల్లో చేరి, సూపర్‌వైజరై, తమ్ముణ్ణి రప్పించుకున్నారు. ఆ తమ్ముడికి పెళ్ళి చేసి నన్నూ రప్పించారు. ఆడబిడ్డ అర్ధమొగుడు అని సామెత. మా ఇంట్లో లెక్క అక్కడితో ఆగలేదు, ముప్పాతిక దాకా వెళ్ళింది.

నేను గుడివాడదాన్ని. ఇక్కడ శుక్రవారాలు పిల్లలకు తెలుగు చెబుతాను. భాష నా సొత్తని నాకొక గర్వం ఉండేది. దాన్ని మా వదిన రెండే మాటలతో దించారు. వాళ్ళది కోనసీమలో ఒక లంక. వాళ్ళ నాన్నగారు రేవులో పడవ నడిపేవారు. ఆవిడ ఏనాడూ తమ్ముణ్ణి "ఎలా ఉన్నావు, మనసెలా ఉంది" అని అడగలేదు. "గాలెటుందిరా?" అనేవారు. మనసు కుంగితే ఆయన "ఎదురుగాలి అక్కాయ్" అనేవారు. మనసు ఎగిరితే "చాప నిండా గాలి" అనేవారు, చాప అంటే పడవ తెరచాప. అప్పుడావిడ "అయితే చాప దించు. మందేసుకో" అనేవారు. దానికి మావారి జవాబు ఒకే అక్షరం: "ఆయ్."

గోదావరి జిల్లాలవారికి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. మిగతావారి కోసం చెబుతాను. పెద్దవాళ్ళు ఏదైనా చెప్పినప్పుడు తల వంచి, ఎదురు మాట లేకుండా పలికే అంగీకారం అది. మావారు నాకు ఎన్నో మాటలు చెప్పారు. ముద్దు మాటలూ చెప్పారు, ముల్లు మాటలూ చెప్పారు. ఆయ్ మాత్రం అనలేదు. అదే మాత్ర, అదే గ్లాసు. నేనిస్తే "అక్కడ పెట్టు, తర్వాత వేసుకుంటాను." వదిన ఇస్తే ఆయ్. ఎమ్మే చదివిన దాన్ని, ఒక్క అక్షరం కోసం కుళ్ళుకుని చచ్చాను.

ఒకసారి ఆయన ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు, తెల్లవారగానే కారు తీసి ఎవరికీ చెప్పకుండా ఉత్తరాన ఉన్న అల్ రువైస్‌కు వెళ్ళిపోయారు. అక్కడ జాలరుల పడవ ఒకటి కొని, వరల్డ్ కప్‌కు వచ్చేవాళ్ళను సముద్రంలో తిప్పుతానన్నది ఆయన సంకల్పం. నేను ఫోన్ మీద ఫోన్ చేశాను. ఒక్కటీ ఎత్తలేదు. వదిన డ్యూటీకి సెలవు పెట్టి, తెలిసిన డ్రైవరును బతిమాలి, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరారు. మేం వెళ్ళేసరికి మావారు ఒడ్డున ఒక ముసలి అరబ్బుతో చేతులూపుతూ బేరమాడుతున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. నిజం చెప్పొద్దూ, పెళ్ళిలో కూడా అంత అందంగా లేరు.

నేను "ఏవండీ, ఇంటికి వెళ్దాం రండి" అన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. వదిన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నీళ్ళలోకి దిగి, ఆ పడవెక్కి కూర్చున్నారు. అరబ్బు తన భాషలో "మాఫీ, మాఫీ" అంటూ వద్దన్నా వినలేదు. అంచు మీద చెయ్యి వేసి రాసి చూసి, "బాగుందిరా పడవ. నాన్న చూసుంటే సంతోషించేవాడు" అన్నారు. ఆయన పిల్లాడిలా పక్కనే వచ్చి కూర్చున్నారు. కాసేపు ఇద్దరూ సముద్రం చూశారు. తర్వాత ఆవిడ మెల్లగా, "గాలెటుంది తమ్ముడూ?" అన్నారు.

"చాప నిండా అక్కాయ్. చిరిగిపోద్దేమో."

"మరి దించేద్దాం. ఇంటికెళ్ళి పడుకుందువుగాని."

"ఆయ్."

తిరుగు దారిలో ఆయన అక్క భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. నేను ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని అద్దంలో చూస్తూ వచ్చాను. మొగుడు దొరికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సిన మనిషిని, ఆ తల నా భుజం మీద లేదే అని పళ్ళు నూరుకున్నాను.

కుంగిన రోజుల్లో ఆవిడ పద్ధతి వేరు. లేవమని గానీ, స్నానం చెయ్యమని గానీ అనేవారు కాదు. డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికి వచ్చి, ఆయన కప్పుకున్న దుప్పటే లాగి, "ఒక్కదాన్నే ఎలా మడత పెడతాను? ఆ కొస పట్టుకో" అనేవారు. అంత పెద్ద దుప్పటి మడతకు ఇద్దరుండాలన్నది ఆవిడ వృత్తిధర్మం. ఆయన లేచి కొస పట్టుకునేవారు. మడత మడతకూ ఇద్దరూ దగ్గరికి వచ్చేవారు. ఆఖరి మడతకు ఆయన మొహంలో కాస్త మనిషి కనిపించేవాడు. మర్నాడు నేనూ అలాగే దుప్పటి లాగాను. "చలేస్తోంది, ఇటియ్యి" అని మళ్ళీ కప్పుకున్నారు.

ఆవిడ మీద కుళ్ళుకున్నది నేనొక్కదాన్నే, మిగతా లోకమంతా ఆవిడ భక్తులే. బిర్కత్ అల్ అవామిర్ దగ్గరి లేబర్ క్యాంపులో ఉండే నిర్మల్ వైపు మేస్త్రీ గంగారాం, ఆవిడ పోయిన రోజు డ్యూటీ ఎగ్గొట్టి వచ్చి మా గుమ్మంలో కూలబడ్డాడు. "మాకు జెరమొస్తె ఫోన్ జేసి అర్సుకునేటిది. దవాఖానకు తోల్కపోయేది. తల్లి లెక్క సూసుకున్నది. ఇగ ఎవ్వల్నడుగుతం అక్కా?" అన్నాడు. నేను అతనికి టీ ఇచ్చి ఓదార్చాను. లోపల మాత్రం, ఈవిడకి ఇంతమంది ఎక్కణ్ణుంచి దొరికారా అని చూస్తూనే ఉన్నాను.

ఇక ఉప్పు సంగతి. అది లేకపోతే ఈ వ్యాసమే లేదు.

పాత మందు ఆయన్ను మరీ మొద్దుబారుస్తోందని డాక్టరుగారు లిథియం అనే మందుకు మార్చారు. ఆ రోజు మావారితో పాటు ఒక్కరినే లోపలికి రమ్మన్నారు. వెళ్ళింది భార్య కాదని వేరే చెప్పాలా. నేను బయట కుర్చీలో కూర్చుని తలుపు వంక చూస్తూ ఉన్నాను. డాక్టరుగారు ఉత్తరాదివారు. హిందీలో, "యే ఏక్ తరహ్ కా నమక్ హై. నమక్ కా ధ్యాన్ రఖ్‌నా" అన్నారట. ఇదొక రకమైన ఉప్పు, ఉప్పు విషయంలో జాగ్రత్త అని. ఉప్పు రోజూ ఒకే తీరున ఉండాలి, మానకూడదు అని ఆయన భావం. కానీ తెలుగువాడికి ఉప్పు విషయంలో జాగ్రత్త అంటే ఏమిటి? తగ్గించమని. మందుకు పత్యం అంటే ఏమిటి? చప్పిడి కూడు. వదిన బయటికి వచ్చి విధాన నిర్ణయం ప్రకటించారు: "మందే ఉప్పయినప్పుడు కూరలో ఉప్పెందుకు? ఈ రోజు నుంచి వాడికి చప్పిడి పత్యం."

మా ఇంట్లోనూ పత్యం అంటే చప్పిడే కనుక నాకు అది వింతగా తోచలేదు. చప్పిడి పప్పు, చప్పిడి కూర, చప్పిడి మజ్జిగ. నేను వండినవి చూసి ఆయన మొహం చిట్లించినా, వదిన "తినరా" అంటే ఆయ్ అని తినేవారు. అవి మండు వేసవి రోజులు. సైటు మీద ఒంట్లో ఉన్న ఉప్పంతా చెమటగా పోతోంది, కంచంలో ఉప్పు లేదు. ఉప్పు తగ్గేకొద్దీ ఆ మందు ఒంట్లోనే పేరుకుని విషమవుతుందని మాకెవరికీ తెలియదు.

మొదట టీ గ్లాసు వణికింది. తర్వాత మాట ముద్దయింది. ఒక మధ్యాహ్నం వాంతులతో, తాగినవాడిలా తూలుతూ సైటు నుంచి వచ్చారు. ఆస్పత్రిలో రక్తం తీసి చూసి, సెలైన్ ఎక్కించి, డాక్టరుగారు మా ఇద్దరివైపూ తిరిగి ఏం తింటున్నాడని అడిగారు. నేను నోరు విప్పేలోగా వదిన ముందుకు వచ్చి, "నేనే డాక్టరుగారూ. ఉప్పు మాన్పించింది నేను. ఈ పిల్లకేం తెలీదు, నేను చెప్పిందే వండింది" అన్నారు. వార్డులో నర్సులు, పక్క మంచాలవాళ్ళు అందరూ వింటుండగా, గొంతు తగ్గించకుండా అన్నారు. డాక్టరుగారు చీవాట్లు పెడుతుంటే తల వంచుకుని, అచ్చం ఆ తమ్ముడిలాగే, "ఆయ్" అన్నారు.

పాఠకులారా, నన్ను ఏమైనా అనుకోండి. సెలైన్ సీసా కింద మొగుడు పడుకుని ఉండగా, కళ్ళు ఏడుస్తుండగా, నాలో ఒక మూల పండగ జరిగింది. అమ్మయ్య, ఈవిడకీ ఓ తప్పు దొరికింది అనుకున్నాను. ఆ పండగ కూడా ఆవిడ నాకు ఎక్కువసేపు దక్కనివ్వలేదు.

ఆయన ఇంటికి వచ్చిన రోజు వదిన వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీదున్న ఉప్పుజాడీ తీసుకొచ్చి నా చేతుల్లో పెట్టారు. ఊరి నుంచి తెచ్చుకున్న పింగాణీ జాడీ, అత్తగారిది. "ఇహ ఇది నీ చేతిలోది. వాడి ఉప్పు నువ్వు చూసుకో. నేనొచ్చి ఏదన్నా చెప్పినా వినకు" అన్నారు. ఆ తర్వాత డాక్టరు గది దగ్గర ఆవిడ బయట కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు. "నువ్వెళ్ళవే. నేనిక్కడుంటా" అనేవారు. పెద్దరికాన్ని అంత నిశ్శబ్దంగా దిగిపోయిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. అంత మర్యాదగా దిగినా నాకు కోపమే వచ్చింది. గెలిచి తీసుకుందామనుకున్నది ఎదురొచ్చి ఇచ్చేస్తే ఇంక మిగిలేదేముంది?

లిథియం ఆపి వేరేవి వాడారు. ఒక మాత్రకు ఆయన సైటులో సర్వే పరికరం ముందే నిలబడి కునికిపాట్లు పడ్డారు. ఇంకొకదానికి కాళ్ళు ఆగక హాలంతా పచార్లు చేశారు. చివరికి డాక్టరుగారు తక్కువ మోతాదులో మళ్ళీ లిథియానికే వచ్చారు. ఈసారి లోపల కూర్చుని విన్నది నేను. నీళ్ళ సీసా, రక్త పరీక్షలు, రోజూ ఒకే తీరున ఉప్పు, సమయానికి నిద్ర. అన్నీ నేనే చూశాను. ఆయన మెల్లగా ఒక గట్టుకు చేరారు. అయినా, సాయంత్రం అక్క వస్తేనే గాలి సంగతి చెప్పేవారు.

ఒక రోజు ఆపుకోలేక అడిగేశాను. "వదినగారూ, మీకు అనే ఆయ్ నాకెందుకు అనరు?" అని. బీరకాయ చెక్కు తీస్తున్న ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తి చాలాసేపు నవ్వారు.

"నాకూ నీ మీద కుళ్ళేనే. నువ్వు రాకముందు వాడికి నా వంటే అమృతం. నువ్వొచ్చిన ఏడాది తిరక్కుండా, మా ఆవిడ పులుసు ముందు నీది దండగక్కాయ్ అన్నాడు. నేనా రోజు తిండి తిన్లేదు."

"పులుసు సంగతి కాదండీ, నేనడిగేది..."

"తెలుసులే. ఆయ్ అనేది పెద్దోళ్ళకే. దెబ్బలాడేది సొంతోళ్ళతో. వాడు నాతో ఒక్కనాడన్నా దెబ్బలాడాడా? ఉప్పు తక్కువైందని కూడా అన్లేదు. చచ్చేదాకా తిన్నాడు గానీ." ఆ మాట దగ్గర ఆవిడ నవ్వు ఆగిపోయింది. మళ్ళీ బీరకాయ అందుకుని, "నీకు దక్కింది నీకు తెలీట్లేదే పిల్లా" అన్నారు. ఇలాంటి ఓదార్పులు పెద్దవాళ్ళు ఎన్నైనా చెబుతారని నేనప్పుడు కొట్టిపారేశాను.

ఆ మనిషి పోయారు. ఆయనకు నేనే చెప్పాను. చెప్పులు వేసుకుంటున్న మనిషి ఒక కాలి చెప్పుతోనే నేల మీద కూర్చుండిపోయారు. ఏడవలేదు. భౌతికకాయాన్ని ఊరికి తీసుకువెళ్ళే కాగితాలు తెమలడానికి రోజులు పట్టేట్టుంది. తలకొరివి పెట్టాల్సింది ఈయనే. ఆ సాయంత్రమే ఊరి నుంచి పెదమామగారు ఫోన్ చేసి, "కర్తవి నువ్వే కదరా. నిష్ఠగా ఉండాలి. కర్మయ్యేదాకా ఉప్పు ముట్టకు" అన్నారు.

మావారు ఫోన్ పెట్టేసి నాతో, "ఇహ నాకు చప్పిడే పెట్టు" అన్నారు.

లిథియం ఒంట్లో ఉంది. దుఃఖం ఉంది, నిద్ర లేదు, ముందు ప్రయాణం ఉంది. దాని మీద మళ్ళీ చప్పిడి. ఒకసారి చావు అంచు దాకా వెళ్ళి వచ్చిన దారి అది. ఈసారి "నేనే డాక్టరుగారూ" అని ముందుకు వచ్చే మనిషి కూడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళకు గంగారాం ఉన్నాడు, ఇంకా ఒకరిద్దరు తెలిసినవాళ్ళున్నారు. కంచంలో అన్నం, పప్పు వడ్డించాను. ఆయన ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, ఆగిపోయారు. "ఉప్పేశావా?" అని కంచం పక్కకు నెట్టారు. "అక్కాయ్ కోసం నేను చెయ్యగలిగింది ఇదొక్కటే. దీన్నీ చెడగొడతావా?"

"డాక్టరుగారు ఏం చెప్పారో మీకు తెలుసు కదండీ."

"డాక్టరుగారికి మా అక్క ఏమవుద్ది?"

పెద్దవాళ్ళు చెప్పిందాన్ని కాదనడం ఎందుకమ్మా అన్నట్టు అక్కడున్నవాళ్ళు నా వైపు చూశారు. గంగారాం మాత్రం, "పానం బాగలేనోనికి నేమం ఉండదు సారు. తినుండ్రి" అన్నాడు. ఆయన వినలేదు. నేను వంటింట్లోకి వెళ్ళాను. ఏం చెయ్యాలో తెలిసి వెళ్ళలేదు, ఏడవడానికి వెళ్ళాను. గట్టు మీద జాడీ కనిపించింది. దాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చి ఆయన కంచం పక్కన పెట్టి కూర్చున్నాను.

"ఇది నా చేతిలో పెట్టింది ఎవరు?" అన్నాను.

ఆయన కళ్ళు జాడీ మీద పడ్డాయి.

"వాడి ఉప్పు నువ్వు చూసుకో, నేనొచ్చి చెప్పినా వినకు అన్నారు మీ అక్కాయ్. పెదమామగారి మాట వినాలా, ఆవిడ మాట వినాలా, మీరే చెప్పండి."

ఆయన జాడీ వంకే చూస్తున్నారు. ఆవిడ మాట నా నోటికి రాదని తెలుసు, కోనసీమ యాస అసలే రాదని తెలుసు. అయినా అడిగాను. "గాలెటుందండీ?"

ఆయన, "గాలే లేదు" అన్నారు. అప్పుడు ఆయనకు ఏడుపు వచ్చింది, ఆవిడ పోయాక మొదటిసారి. నేను కంచం దగ్గరికి జరిపాను. ఆయన ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుని, జాడీ వైపు తల వంచి, "ఆయ్" అన్నారు.

అంతకాలం నేను ఎదురుచూసిన అక్షరం అది. నా ఇంట్లో, నా చేతి అన్నం ముందు, నలుగురు సాక్షులుండగా పలికింది. కానీ నాకు తెలుగు వచ్చు. అది నాకు చెప్పింది కాదు. అక్కడ కూడా ఆవిడే అందుకున్నారు.

ఆయన ముద్ద తిన్నారు. రెండో ముద్ద తిన్నారు. తర్వాత మొహం చిట్లించి, నా వైపు తిరిగి, "పప్పులో ఉప్పెక్కువేశావు. ఏనాడన్నా సరిగ్గా వేసి ఏడిచావా?" అన్నారు.

"సరిగ్గానే వేశాను. మీ నోరే బాగాలేదు" అన్నాను.

"నా నోరు బాగానే ఉంది. నీ చెయ్యే పెద్దది."

ఇల్లు చావు ఇల్లు. వచ్చినవాళ్ళు ఎటు చూడాలో తెలియక తలలు దించుకున్నారు. మేమిద్దరం పప్పులో ఉప్పు మీద దెబ్బలాడుకున్నాం, ఆయన కంచం ఖాళీ చేసేదాకా.

అంత్యక్రియలు జరిగాయి. ఆయన నిలబడి తలకొరివి పెట్టారు. మేం తిరిగి వచ్చాం. ఆయన మళ్ళీ డ్యూటీలో చేరారు. దోహాలో ప్రతి స్తంభానికీ జెండాలు కడుతున్నారు. ఆవిడ మడత పెట్టించిన దుప్పట్ల మీద ఎవరెవరో దేశదేశాలవాళ్ళు వచ్చి పడుకుంటారు. ఆ మడత ఎవరిదో వాళ్ళకు తెలియదు. అలాంటి అక్క ఇంకొకరికి ఉండదు, అలాంటి ఆడబిడ్డ నాకు మళ్ళీ దొరకదు. దొరికితే భరించగలనని కూడా అనుకోను.

వదినగారూ, మీకు నమస్కారం. ఆ ఆయ్ మీదే, మీతోనే ఉంచుకోండి. పప్పులో ఉప్పెక్కువైందన్న మాట మాత్రం నాది.